రిబ్బను దగ్గర ఆగిన గొంతు

నందికొట్కూరు పక్క పల్లెలో ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది లాజరే. మీసం మొలవకముందు నుంచీ ఆయనే. మైకు పనిచేయకపోయినా ఎవరూ కంగారుపడేవాళ్లు కాదు. అలాంటి మనిషికి గొంతులోనే గడ్డ లేచింది. కర్నూలు ఆసుపత్రిలో డాక్టర్లు చూసి, మాట పుట్టే స్వరపేటికనంతా తీసెయ్యక తప్పదన్నారు.

ఆపరేషనుకు ముందురోజు ఆయన మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది హేమావతి. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటి పిల్ల. బెంగళూరులో చదువు ముగించి, ఆసుపత్రి వెనకాల కట్టిన కొత్త పరిశోధన కేంద్రంలో చేరింది. గొంతు కాన్సర్ గడ్డల మీదే ఆమె పని.

"నా గొంతు కోసినాక యాడ పారేస్తారు పాపా?" అన్నాడు లాజరు. అప్పటికే మాట సగం గాలిగా వస్తోంది.

"పారెయ్యం తాతా. నువ్వు ఒప్పుకుంటే ఒగ ముక్క నేను తీసుకపోతా. ఇన్నాళ్లూ గడ్డనంతా పచ్చడి నూరినట్టు నూరి పరీక్ష చేస్తాంటిమి. అన్నీ కలిసిపోయి ఏదేం చేస్తాండాదో తెలిసేది కాదు. ఇప్పుడు కొత్త మిషన్ వచ్చినాది. గడ్డలో ఉండే కణాల్ని ప్రాణంతో ఉండంగానే విడదీసి, ఒక్కోదాన్నీ పక్కకు పిలిచి అడిగినట్టు అడుగుతాం. గడ్డను పెంచేది ఏది, మందుకు లొంగకుండా దాక్కునేది ఏది, బయటపడతాది."

"పంచాయితీలో సాక్షుల్ని ఒగొగర్నే పిలిసి అడిగినట్ల."

"అచ్చం అంతే. కానీ తాతా, దీంతో నీకిప్పుడు ఒరిగేదేమీ లేదు. రేపు ఇంకెవరికో మందు కనుక్కునేదానికి."

లాజరు నోరంతా తెరిచి నవ్వాడు. "అయితే నేను మాట్లాడలేకపోయినా నా గొంతు ఇంగొగ తూరి మాట్లాడతాదన్నమాట. ఏం చెప్పిందో నాకొచ్చి చెప్తావా?"

"నా చేత్తో నేనే తీసుకపోతా. అది చెప్పింది చెప్పినట్టు నీకొచ్చి చెప్తా."

ఆయన సంతకం పెట్టాడు. పక్క మంచం మీద ఉరుకుందప్ప ఇదంతా వింటూ ఉన్నాడు. అతనూ ఎమ్మిగనూరు నేతగాడే, అదే రోగం. "ఆయప్పది అయినాక నాది గూడా తీసుకోమ్మా, పుణ్యముంటాది" అన్నాడు.

మర్నాడు శుక్రవారం. థియేటర్ తలుపు సందులోంచి నర్సు అందించిన సీసాను హేమావతి ఐసు పెట్టెలో పెట్టుకుని దాదాపు పరుగెత్తింది. ముక్క ఒంట్లోంచి బయటికొచ్చిన క్షణం నుంచే కణాలు చావడం మొదలవుతుంది. ఐసు ఆ చావును కాస్త ఆలస్యం చేస్తుంది, అంతే. ముక్కను సన్నగా తరిగే కత్తెర, సూక్ష్మక్రిముల్లేకుండా ఉడకబెట్టి కవరులో సీలు చేసింది, కోటు జేబులో సిద్ధంగా ఉంది.

ప్రయోగశాల తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బను! దాని చుట్టూ బంతిపూలు, కింద ముగ్గు, ముగ్గు పక్కన గుమ్మడికాయ. రిబ్బను ముందు పట్టుపంచెలో ఆ కేంద్రం డైరెక్టరు ఉమామహేశ్వర నిలబడి ఉన్నాడు.

"సార్, ముక్క వచ్చేసింది. లోపలికి పోవాల."

"ఆగమ్మా, ఆగు. రాహుకాలం నడుస్తోంది. పన్నెండు దాటనీ. మిషన్ ప్రారంభించే పెద్దాయన మహానందిలో దర్శనం చేసుకుని బయల్దేరారట. ఆయన చేతుల మీదుగా ఇదే మొదటి ముక్క. ఎంత బాగుంటుందో ఆలోచించు."

"అంతసేపు బతకవు సార్."

"ఫ్రిజ్‌లో పెట్టు."

"ఫ్రిజ్‌లో పెట్టినా చస్తాయి. మందులూ పరికరాలూ అన్నీ లోపలే ఉన్నాయి సార్. రిబ్బను కిందనుంచి దూరి పోతా, ఎవరికీ కనపడను."

"పూలు రాలిపోతాయమ్మా! ఫోటో వాళ్లు వచ్చి కూర్చున్నారు."

ఆయనకు తెలియక కాదు. అదే బాధ! కణాల మీద డాక్టరేటు తెచ్చుకున్న మనిషి. బతికున్న కణమైతేనే పనికొస్తుందని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చిన మనిషి. తలకాయలో అంత చదువుండి, ఒక మనిషి గొంతును గుమ్మం బయట నిలబెట్టాడు. రాహువుకేం పోయింది? పోయింది లాజరుకు. ఆ రాహుకాలాన్ని తగలెయ్య!

హేమావతి ఐసు పెట్టెను ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూలబడింది. ఐసు కరిగితే క్యాంటీన్ నుంచి మళ్లీ తెచ్చి పోసింది. రాహుకాలం పోయింది. పెద్దాయన రాలేదు. దారిలో ఎవరో దండలు పట్టుకుని ఆపారట. అతిథులకు సమోసాలు పంచారు, ఆమెకూ ఒకటి ఇచ్చారు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

ఎట్టకేలకు కార్లు వచ్చాయి. అందరూ లేచి నిలబడ్డాక చూస్తే పళ్లెంలో కత్తెర లేదు! ఉరుకులు, పరుగులు. ఉమామహేశ్వర చూపు హేమావతి జేబు మీద పడింది. "నీ దగ్గరుందిగా, ఇలా ఇవ్వు" అని తనే లాక్కున్నాడు. సీలు కవరు చించి పెద్దాయన చేతికిచ్చాడు. లాజరు గొంతు కోసం ఉడకబెట్టి ఉంచిన కత్తెరతో ఆ మహానుభావుడు రిబ్బను కత్తిరించాడు. చప్పట్లే చప్పట్లు.

ఆమె లోపలికి దూరి, ఇంకో కత్తెర వెతుక్కుని ముక్కను తరిగింది, కణాలను విడదీసింది. ఇవతల ఆమె ఆ పనిలో ఉంటే, అవతల తెర మీద రంగురంగుల చుక్కలు మెరుస్తున్నాయి. అవి మిషన్ అమ్మిన కంపెనీవాళ్లు చూపించడానికి తెచ్చిన బొమ్మలు. "చూడండి, రోగి గొంతు మనతో మాట్లాడుతోంది" అన్నాడు ఉమామహేశ్వర. లాజరు మాట అది! హేమావతే ముచ్చటపడి ముందురోజు డైరెక్టరుకు చెప్పింది.

కణాల్లో నీలి మందు వేసి సూక్ష్మదర్శినిలో చూసింది. బతికున్న కణం ఆ నీలాన్ని లోపలికి రానివ్వదు. చచ్చినదైతే ఒళ్లంతా నీలమైపోతుంది. ఎటు జరిపి చూసినా నీలమే.

అతిథులు పోయాక డైరెక్టరు గదిలోకి వెళ్లి చెప్పింది. ఆయన కండువా మడత పెట్టుకుంటూ, "పోతే పోయాయి లేమ్మా. ఇంకో పేషెంటు దొరకడా?" అన్నాడు.

"పేషెంటు దొరుకుతాడు సార్. లాజరుకు ఇంకో గొంతు దొరకదు" అని, ఆయన కూర్చోమంటున్నా వినకుండా బయటికి వచ్చేసింది.

లాజరు వార్డులోకి వచ్చిన రోజు ఆమె వెళ్లింది. మెడకు కట్టు, కట్టు మధ్యలో చిన్న గొట్టం. ఊపిరి ఆ గొట్టంలోంచే వస్తోంది. భార్య రూతమ్మ ఎదురొచ్చి పేపరు విప్పింది. "సూడు పాపా, మాయప్ప గొంతు మాట్లాడిందని ఏసినారు. మా పాస్టరయ్య చర్చిలో గూడా సదివినాడంట."

లాజరు ముఖం వెలిగిపోతోంది. హేమావతిని చూడగానే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏం చెప్పింది అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

అబద్ధం ఆడితే ఎంత సులువు! నోటిదాకా వచ్చింది కూడా.

"ఏమీ చెప్పలేదు తాతా. పేపర్లో ఏసిందంతా అబద్ధం. రాహుకాలమని, రిబ్బను కట్టినామని నన్ను బయటే నిలబెట్టినారు. నీ ముక్క తరిగేదానికి జేబులో పెట్టుకున్న కత్తెరను గూడా లాక్కుని రిబ్బను కోసినారు. నేను లోపలికి పోయేలోపల కణాలన్నీ సచ్చిపాయ."

లాజరు నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి, ముఖం ఎర్రబడింది. ఆయన అరుస్తున్నాడు. గొట్టంలోంచి గాలి మాత్రం బుస్సుమంది. ఒకప్పుడు చర్చి బయట రోడ్డుదాకా వినపడిన గొంతు అది.

రూతమ్మ పేపరును నలిపి కింద కొట్టింది. "అమ్మ మీ పాడుగాను! అడిగి అడిగి తీసుకపోతిరి గదమ్మా. ఇచ్చేటప్పుడు ఆయప్ప ఎంత సంబరపడె! సదువుకున్నోళ్లు చేసే పనేనా ఇది?"

పక్క మంచం మీదనుంచి ఉరుకుందప్ప, "ఏమనుకోవద్దు తల్లీ. నాది మాత్రం అడగాకు. మట్టిలో కలిసినా మేలే" అన్నాడు. హేమావతికి ఏడుపొచ్చింది. ఏ మొహంతో అడుగుతుంది?

ఠప్పున చప్పుడైంది. లాజరు అరచేత్తో మంచం పట్టీ మీద కొట్టాడు. అందరూ అటు చూశారు. ఉరుకుందప్ప గొంతు వైపు వేలు చూపించాడు. ఆ వేలునే హేమావతి వైపు తిప్పాడు. తర్వాత వంగి, ఆమె కోటు జేబులోంచి కనబడుతున్న కొత్త సీలు కవరును తట్టి, రెండు వేళ్లు ఎత్తి తెరిచి మూశాడు. తెరిచి మూశాడు. కత్తెర.

రూతమ్మ ఆయన కళ్లలోకి చూస్తూ ఒక్కో మాటే చెప్పింది. "ఇయ్యమంటాండాడప్పా నిన్ను. పాపా, కత్తెర నీ జేబులోనే ఉండె గదా అంటాండాడు. ఈ తూరి ఎవురు అడ్డం కట్టినా కత్తిరించుకోని లోపలికి పో అంటాండాడు."

లాజరు అవునన్నట్టు గట్టిగా తల ఊపాడు. కట్టు కింద నొప్పి తెలుస్తున్నా ఊపుతూనే ఉన్నాడు.

ఉరుకుందప్ప మోచేతి మీద లేచి హేమావతి వైపు తిరిగాడు. "సోమవారం పొద్దున్నేనమ్మా నా ఆపరేషను. క్యాలెండర్లో చూసినా. అప్పుడు గూడా రాహుకాలమే" అన్నాడు.

"ఉండనీలే అప్పా" అంది హేమావతి, జేబులో కత్తెరను గట్టిగా పట్టుకుని. "నేను తలుపు కాడనే ఉంటా."