కాగితం మీద కొలతలు

టైలరక్క పదహారేళ్ళుగా ఆ బట్టల షాపులో కొలతలు తీస్తోంది. మనిషి బక్కచిక్కాడో ఒళ్ళు చేశాడో టేపు చుట్టకముందే చెప్పేయగలదు. చెప్పదు, అది వేరే సంగతి. ఒకరి ఒంటి సంగతి ఇంకొకరి చెవిన వేసే బుద్ధి ఆమెకి లేదు.

ఆ బుద్ధి ఓనరుకుంది. నిరుడు కంప్యూటరు పెట్టించి, ప్రతి కొలతా అందులో ఎక్కించమన్నాడు. ఎక్కించినవన్నీ ఒక కంపెనీకి అమ్ముకుంటున్నాడు. ఎవరి ఒళ్ళు ఎలా మారుతోందో చూసి, ఆ కబురు ఉద్యోగాలిచ్చేవాళ్ళకీ ఆస్పత్రులకీ చేరవేయడమే ఆ కంపెనీ పని. కస్టమర్లు సంతకం పెట్టే చీటీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఇదంతా రాసే ఉంది. చదివిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. టైలరక్కా చదవలేదు.

చదవకుండానే సొంత చెల్లెలికి రెండు నెలల తేడాతో ఆఫీసు చొక్కాలు కుట్టి, రెండుసార్లూ కొలతలు ఎక్కించింది. చెల్లెలు నెల తప్పిన సంగతి మొగుడికీ అక్కకీ తప్ప ఎవరికీ తెలియదు. ఉద్యోగం పర్మనెంటయ్యాక చెబుదామనుకుంది. తీరా ఆ రోజు ఆఫీసు మేనేజరు పిలిచి, "కాన్పయ్యాక చూద్దాం లెండి" అని పంపేశాడు.

టైలరక్క అప్పుడు చదివింది చీటీ అడుగు దాకా, చదివి తిన్నగా ఓనరు గదిలోకి వెళ్ళింది.

"నా చెల్లెలి కొలతలు తీసేయించండి సార్."

"ఒకసారి ఎక్కితే మన చేతుల్లో ఉండదమ్మా," అన్నాడు ఫోనులోంచి తలెత్తకుండానే. "అయినా శుభవార్తేగా, దాచుకోవడమెందుకు?"

శుభవార్తట. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. వచ్చి మిషను ముందు కూర్చుంది.

మూడు వారాలకి ఓనరే కొత్త కోటుకని వచ్చి నిలబడ్డాడు. కొలతలు కొనే ఆ కంపెనీ తనకి కొలతలు పంపే షాపులన్నిటికీ అతన్ని పెద్దని చేయబోతోంది, అయిదేళ్ళకి. వచ్చే వారం సంతకాలు. టేపు చుట్టిన టైలరక్క చెయ్యి ఆగింది. వేసవిలో కుట్టిన కోటుతో పోలిస్తే నడుము అయిదంగుళాలు తగ్గింది. చొక్కా కింద ఎముకలు తగిలాయి.

"నావి ఎప్పటిలాగే కాగితం మీద రాసుకో," అన్నాడు గొంతు తగ్గించి. "కంప్యూటరులోకి వద్దు."

అంటే తెలుసన్నమాట. ఒంటి గుట్టు బయటపడితే బతుకు ఏమవుతుందో ఈ పెద్దమనిషికి బాగా తెలుసు, తెలిసే అందరివీ అమ్మాడు. ఆ క్షణంలోనే ఆమె నిర్ణయించేసుకుంది.

"అలాగే సార్," అని కోటు చీటీ ముందుపెట్టింది. అతనూ చదవకుండానే సంతకం గీకేశాడు.

అతను వెళ్ళాక సొరుగులోంచి పాత కాగితాలు కూడా తీసింది. నిరుటివి, వేసవివి, ఇవాళ్టివి, తేదీలతో సహా వరసగా ఎక్కించింది. ఒక్క అంకె కూడా అటూ ఇటూ చేయలేదు. జాలి వేసిందా అంటే వేసింది, ఎముకలు తగిలిన చెయ్యి కదా. చెల్లెలి ఏడుపు గుర్తొచ్చి ఆ జాలిని దిగమింగింది.

సంతకాలు జరగలేదు. ముందు ఒళ్ళు బాగుచేసుకోమని కంపెనీవాళ్ళు ఎంతో మర్యాదగా చెప్పారట. ఓనరు పాలిపోయిన మొహంతో కొలతల గదిలోకి వచ్చాడు.

"ఈ జబ్బు సంగతి నా భార్యకి కూడా ఇంకా చెప్పలేదు. ఎలాగోలా తీసేయించమ్మా."

టైలరక్క సూదికి దారం ఎక్కించి, ముడి వేసి, అప్పుడు తలెత్తింది.

"ఒకసారి ఎక్కితే మన చేతుల్లో ఉండదు సార్. అమ్మగారికి ఇవాళే చెప్పేయండి. రేపో మాపో ఆస్పత్రులవాళ్ళు ఇంటికి ఫోన్లు చేస్తారు."