పోలరాజు తప్పుకున్నాకే

ఆ రోజు రెండు గంటలకల్లా ఆఫీసులో జవాబు ఇవ్వకపోతే నా ఉద్యోగం పోతుంది. పదిన్నరకి టెల్కో కాలనీలో టీచరు ఏసుమణి గుమ్మం ముందు నిలబడ్డాను. ఎనభై ఒకటో సంవత్సరం, జూన్ నెల. చేతిలో కాగితం చెమటకి తడిసింది.

నేను ఒక కంట్రాక్టరు దగ్గర ఖలాసీని. క్రేన్ కొక్కేనికి ఇనప ప్లేటు తగిలించి, మనుషులు పక్కకి జరిగాక ఈల వేస్తాను. పైనున్న డ్రైవరు ఎత్తుతాడు. నాలుగు రోజుల కిందట మా జట్టులో పోలరాజు కాలు ప్లేటు కింద నలిగింది. ఈల ఎప్పుడు వేశానో సరిగ్గా రాసిమ్మని ఆఫీసువాళ్లు అడిగారు.

ఏసుమణి కాగితం చదివింది. ప్రమాదం జరిగిన రోజు నేను చెప్పగా గుమాస్తా గణపతిరావు ఇంగ్లీషులో రాసిన కాగితం అది. కింద నా సంతకం.

"బాబాయ్, ఇందులో ఏటుందో తెలుసా? పోలరాజు బతికున్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్లారు. కాలు ప్లేటు కింద పడింది. నువ్వు ఈల ఏసావు. అతను తప్పుకున్నాడు. వరసగా ఇలాగే ఉంది. అంటే మనిషి కింద ఉండగానే ఈల ఏసావని."

"కాదు."

"మరలాగెందుకు సెప్పావు?"

"దాలమ్మ ఉంది."

ఆవిడకి అర్థం కాలేదు. విడమరచక తప్పలేదు. దాలమ్మ పోలరాజు భార్య. కబురు విని పరిగెత్తుకొచ్చి గణపతిరావు బల్ల పక్కనే నిలబడింది. ఇంటి ఆడమనిషి ఎదుట మావాళ్లు చెడ్డ కబురు ముందు ఎత్తరు. ప్రాణం ఉందని మొదట చెప్పి, ఆ తర్వాత ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతారు. నేను ఆమె మొహం చూస్తూ చెప్పాను. గణపతిరావు తల వంచి రాసుకుపోయాడు.

"గణపతిరావు మాతో బళ్లో ఉన్నప్పుడూ ఇంతే," అంది ఏసుమణి. "మేష్టారు దగ్గినా రాసేసేవాడు."

నాకు నవ్వు రాలేదు.

"ఇంగ్లీషులో అప్పటికే జరిగిపోయినదానికి క్రియ వేరేగా ఉంటాది బాబాయ్. అది పెడితే ఏది ముందో తెలిసిపోద్ది. రెండు ముక్కలూ కలిసిపోకుండా మధ్యన కామా పెడతాను. సెప్పు. ఈల ముందా, తప్పుకోడం ముందా?"

"తప్పుకోడం."

రాసి, తెలుగులో చదివి వినిపించింది. పోలరాజు అప్పటికే తప్పుకున్నాక, నేను ఈల వేశాను. కామా దగ్గర ఆగింది. ఆ కాస్త ఆగడంలో పోలరాజు వెనక్కి వేసిన నాలుగు అడుగులూ నాకు కనపడ్డాయి.

"మరి మళ్లీ ఎందుకొచ్చాడు?"

నేను తల తిప్పాను. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

"బస్సు పట్టుకోవాల నువ్వు! నోట్లో ఏటెట్టుకున్నావు?"

"దిమ్మ."

"ఏ దిమ్మ?"

ప్లేటు కింద పెట్టే చెక్క దిమ్మ. ఎత్తే ముందు దాన్ని తీయాల్సింది ఖలాసీయే. నేను తీయలేదు. ప్లేటు లేచాక దిమ్మ గొలుసులో ఇరుక్కుని వేలాడింది. అది ఎవరి నెత్తి మీదో పడుతుందని పోలరాజు లాగడానికి వచ్చాడు. ప్లేటు ఒరిగి జారింది.

ఏసుమణి కలం కింద పెట్టింది. "ఆళ్లు ఈల గురించే అడిగారు బాబాయ్. ఇది రాస్తే నీ ఉద్యోగం ఉండదేమో."

"రాయకపోతే?"

"తనంతట తనే వచ్చాడని పోలరాజు మీదకి పోద్ది."

ఈ వయసులో నన్ను ఇంకో గేటు లోపలికి ఎవరు రానిస్తారు? నీళ్లడిగి తాగాను.

"అన్నిటికన్నా ముందు అదే. పైన రాయి," అన్నాను.

రెండింటికి పావుగంట ఉందనగా బిష్టుపూర్ ఆఫీసులో సాహెబు నా కాగితం చదివాడు. మొదటి వరస మీదే వేలు ఆపాడు.

"లకడీ తుమ్‌నే ఛోడీ?" దిమ్మ వదిలేసింది నువ్వేనా అని.

"హాఁ సాబ్."

"సీటీ సే పహలే?"

"ఈలకి ముందే సాబ్," అని తెలుగులో అనేసి, మళ్లీ "పహలే" అన్నాను.

ఇంకోసారి మొదటినుంచి చదివాడు. పోలరాజు తప్పు లేదని కింద రాసుకున్నాడు. నావైపు చూడకుండానే, ఉద్యోగం ఉంటుందిగాని క్రేన్ దగ్గర కాదన్నాడు. రేపటినుంచి యార్డులో తుక్కు ఏరాలి.

బయట క్రేన్ డ్రైవరు నీలకంఠం కాచుకుని ఉన్నాడు.

"ఏటయింది మావా?"

"తుక్కు."

"ఇరవయ్యేళ్లు పనిచేసిన ఖలాసీని తుక్కేరమన్నారా! నువ్వేటన్నావు?"

"ఏరతానన్నాను."

మెట్లు దిగాను. దాలమ్మకి ముందు పోలరాజు తప్పు లేదన్న కబురు చెప్పాలి.