వాసన చూసి తినేవాడు

ప్యాకింగు మిషను బెల్టు బిగిస్తూ ఫిట్టరు ఊపిరి బిగబట్టాడు. పక్క గదిలోంచి వెన్న కరిగే వాసన వస్తోంది. మిషన్లు బిగించడానికి కంపెనీ అతణ్ణి చాలా దేశాలు తిప్పింది గానీ, బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఆకలితో మాడే యోగం ఈ దేశంలోనే పట్టింది. సూపర్‌వైజరు రోజూ ఒక పొట్లం చేతిలో పెడతాడు. ఫిట్టరు దణ్ణం పెట్టి పుచ్చుకుంటాడు. అది తనతో వచ్చిన ఎలక్ట్రీషియను పొట్టలోకి చేరుతుంది.

"నీ పుణ్యమా అని లావెక్కిపోతున్నా, బాబాయ్," అన్నాడు ఎలక్ట్రీషియను మూతి తుడుచుకుంటూ. "ఓ పాలచుక్క లోపలికెళ్తే ఏమౌతుంది చెప్పు?"

ఫిట్టరు నవ్వి మళ్లీ బెల్టు వైపు తిరిగాడు. యాభై దాటిన పీల మనిషి, గోళ్ల సందుల్లో ఎప్పుడూ గ్రీజు. ఏమౌతుందో చెప్పడం ఎన్నడో మానేశాడు. చిన్నప్పుడు ఇంట్లో గేదె దూడ చచ్చిపోతే, దాని తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టారు. అది పడిపోకుండా పట్టుకునే పని ఇతనిది. గేదె ఆ గడ్డిదూడను నాకుతూ పాలు చేపింది. ఆ పూట నుంచి పాలు, పెరుగు, నెయ్యి అతని గొంతు దిగలేదు. మాంసం, గుడ్డు ఎటూ ముట్టడు.

ఇంట్లో ఒక్కరూ దాన్ని పట్టించుకోలేదు. అమ్మ పప్పులో చాటుగా నెయ్యి కలిపేది. అక్క పిండిలో మజ్జిగ పోసి, తిన్నాక "తెలిసిందా? తెలీలేదుగా" అని పగలబడి నవ్వేది. పెళ్లాం బతికున్నన్నాళ్లూ అంతే. ప్రేమకొద్దీ చేసేది, అది ఇంకా కష్టం. అందరూ మంచివాళ్లే. వాళ్ల చేతుల్లో మోసపోయి మోసపోయి, ముద్దను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి తినడం అలవాటైపోయింది.

ఫ్యాక్టరీ వెనక సందులో ఒక ముసలామె చిన్న హోటలు నడిపేది. మొదటిరోజు ఫిట్టరు తలకి రెండు వేళ్లు కొమ్ముల్లా పెట్టి, పాలు పితికినట్టు చూపి, చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆమె తేరిపార చూసి, వెళ్లి గ్లాసు నిండా పాలు తెచ్చి ముందు పెట్టింది. హోటలంతా నవ్వింది. అతని మొహం చూసి ఆమె నవ్వలేదు. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి గుడ్డు, వెన్న, చేప ఒక్కొక్కటే ఎత్తి చూపించింది. అతను వద్దంటూ పోయాడు. బంగాళాదుంప ఎత్తినప్పుడు తలూపాడు.

ఆనాటి నుంచి రోజూ పొగలు కక్కే పళ్లెం అతని కోసం విడిగా వచ్చేది. అతను ముందు వాసన చూసేవాడు. ఆమె గుమ్మంలో నిలబడి అది చూస్తూ ఉండేది. "ఏమనుకోకమ్మా, పాత జబ్బు," అనేవాడు తెలుగులో. ఆమె తన భాషలో ఏదో అనేది. ఏ వాసనా తగిలేది కాదు. అయినా అనుమానం పోలేదు. సొంతవాళ్లకే పట్టనిది, మాట కూడా తెలియని మనిషికెందుకు పడుతుంది?

ఈ సోమవారం షట్టరు సగం దించి ఉంది. లోపల ఒక నడివయసు ఆడమనిషి గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. ఫిట్టరు అలవాటుగా వేళ్లు తలకి పెట్టాడు. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఏదో చెప్పింది. వెంట వచ్చిన ఎలక్ట్రీషియను ఫోను ఆమె దగ్గర పెట్టి, తెలుగులోకి మారింది చదివాడు.

"ఈవిడ కూతురట, బాబాయ్. వాళ్లమ్మ శనివారం రాత్రి నిద్రలోనే పోయిందట. హోటలు ఎత్తేస్తున్నారు."

ఫిట్టరు వేళ్లు దించడం మర్చిపోయాడు. ఆమె లోపలికెళ్లి ఒక చిన్న మూకుడు తెచ్చింది. పిడికి ఆకుపచ్చ గుడ్డపేలిక ముడేసి ఉంది.

"కొమ్ములాయన మీరేనా అంటోంది." ఎలక్ట్రీషియను ఈసారి మెల్లగా చదివాడు. "ఇది నీ ఒక్కడికేనట. ఇంకేదీ వండనిచ్చేది కాదట. ఒకరోజు ఈవిడే మర్చిపోయి ఇందులో గుడ్డు కొడితే, వాళ్లమ్మ చెడతిట్టి, ఆ మూకుడు పక్కన పడేసి కొత్తది తెచ్చిందట. ఇది ఆ రెండోది."

ఫిట్టరు మెట్టు మీద కూలబడ్డాడు. ఆ ముసలామె కళ్లెదుటే ప్రతిపూటా ముద్ద వాసన చూశాడు. ముందు సిగ్గేసింది, వెంటనే ఏడుపొచ్చింది. తన మాటను మాటగా తీసుకున్న మనిషి పుట్టి బుద్ధెరిగాక ఒక్కతే దొరికితే, దొరికిందని తెలిసేసరికే లేకుండా పోయింది.

"దీన్ని నిన్నే తీసుకుపొమ్మంటోంది, బాబాయ్."

మూకుడు ఒళ్లో పెట్టుకున్నాడు. శనివారం ముసలామే తోమినట్టుంది. అడుగు మంటకి నల్లబడినా, లోపలంతా తళతళలాడుతూ సోమవారం వంటకి సిద్ధంగా ఉంది.