కళ్ళు పోవంట

"కూచోని చేసే పనికి కండ్లు నొస్తాయా అమ్మీ? మేము పచ్చికట్టెలు ఊది ఊది వండినాము. మా కండ్లేమన్నా పోయినాయా?"

కుక్కర్ కింద మంట తగ్గించి, కళ్ళ మీద చన్నీళ్ళు చల్లుకుంటోంది గ్రేస్. అత్త జయమ్మ మాట వెనక నుంచి వచ్చి తగిలింది. గ్రేస్ కొంగుతో మొహం తుడుచుకుని, చెక్క అడ్డం వెనక్కి వెళ్ళి మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది.

హిందూపురంలో వాళ్ళ ఇంటి ముందుగదే డీటీపీ అంగడి. బోర్డు మీద ఉండేది భర్త దేవదాసు పేరు. తెలుగులో, కన్నడంలో పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, చర్చి కూటాల పిలుపులు అక్కడే తయారవుతాయి. పెళ్ళికి ముందు పెనుకొండలో టైపు నేర్చుకున్నది గ్రేస్. దేవదాసు ఇప్పటికీ కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటాడు. వచ్చేవాళ్ళంతా మగవాళ్ళని, ఆమెకూ ముందుగదికీ మధ్య చెక్క అడ్డం కొట్టించాడు. పత్రిక బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే, "నేనే కూచోని చేసినా" అని అతను చెప్పడం ఆమెకు అడ్డం ఇవతల స్పష్టంగా వినిపించేది.

వేసవిలో తలనొప్పి మొదలైంది. మధ్యాహ్నానికి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉండేది. అక్షరాలు అలికినట్టు అయ్యేవి. పండగ ముందు పని పెరిగి, ఇక తాళలేనంటే దేవదాసే కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది. "తెర చూస్తూ రెప్ప కొట్టడం మర్చిపోతున్నావమ్మా. కళ్ళు ఎండిపోతున్నాయి. మధ్యమధ్యలో లేచి దూరంగా చూడాలి. తెర కళ్ళకంటే కాస్త కిందికి ఉండాలి, ట్యూబులైటు దాంట్లో మెరవకూడదు. వెలుతురు పక్క నుంచి రావాలి."

"కండ్లు పోతాయా మేడం?" అడిగాడు దేవదాసు.

"పోవు. అలసట అంతే. కానీ ఇట్లాగే చేస్తే ఈ నొప్పి తగ్గదు."

రెండో మాట అతని చెవికి ఎక్కలేదు. ఇంటికి రాగానే తల్లితో, "ఏమీ లేదంటమా. కండ్లు పోవంట" అన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో అదే జవాబయింది. గ్రేస్ నుదురు పట్టుకుంటే, పోవంట కదా అనేవాడు. తెర ముందు నుంచి లేస్తే, పత్రిక కోసం ఆయప్ప కాసుకోనుండాడు, పోవంట కదా, కూచో అనేవాడు. బల్ల ముందుగదిలో కిటికీ పక్కన వేద్దామని అడిగితే, "నలుగురు మొగోళ్ళు వచ్చిపొయ్యే తావులో కూచుంటావా?" అన్నాడు.

దూరంగా చూడమంది డాక్టరమ్మ. ఏం చూడాలి? అడ్డం వెనక కూర్చుంటే ఎదురుగా గోడ, చెయ్యి చాస్తే అందుతుంది. వంటింట్లో పొయ్యి వెనకా గోడే. ఆ రెండు గోడల మధ్యే తన పగలంతా గడిచిపోతోందని ఆమెకు అప్పుడు తోచింది. కళ్ళు నిజంగానే పోతాయని డాక్టరమ్మ అని ఉంటే ఇంకొకరిని పనిలో పెట్టేవాడేమో, అనుకుంది ఒకసారి. ఆ ఆలోచనకే భయమేసింది. ఒక్కపూట విశ్రాంతి కోసం గుడ్డితనం కోరుకునేదాకా వచ్చిందా తను? పోయేంత నొప్పి అయితేనే నొప్పి కింద లెక్కా? పోకుండా, రోజూ ఉండే నొప్పి ఎవరిది?

ఆ మాఘమాసంలో, ఒకరోజు పొద్దున లేపాక్షి నుంచి సంజీవప్ప పత్రికల కట్టతో వచ్చాడు. కూతురి పెళ్ళి పదహారున. పత్రికలో పద్దెనిమిది అని పడింది.

"ఏమప్పా ఇది? చెన్నేకొత్తపల్లిలో చుట్టాలకు అప్పుడే పంచినాము. పెండ్లయినాంక వస్తారా వాళ్ళు?"

సరిచూడాల్సింది దేవదాసు. చూడమని గ్రేస్ కాగితం చేతికిస్తే, నువ్వు చూసినావు కదా అని అలాగే ప్రెస్సుకు పట్టుకుపోయాడు. ఇప్పుడు అతను తడుముకోలేదు. "మా ఆడది టైపు కొట్టిందన్నా. దానికి పని మీద ధ్యాస ఉండదు."

లోపల గ్రేస్ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో ఆ పని ఆమెదని అతను పైకి చెప్పడం అదే మొదలు.

లేచి, అడ్డం దాటి ముందుగదిలోకి వచ్చింది.

"అవునన్నా, నేనే కొట్టినా. తప్పు నాదే. ఈ అంగట్లో నువ్వు చూసిన పత్రికలన్నీ కూడా నేను కొట్టినవే. నీ పత్రిక మళ్ళా చేసిస్తా. ఈ పొద్దు మాత్రం కాదు. కండ్లు మసకలాడతాండాయి, ఇప్పుడు కొడితే ఇంకో తప్పు పడుతుంది."

సంజీవప్ప ఆమెనూ, దేవదాసునూ మార్చి మార్చి చూశాడు. "రేపు పొద్దున్నే వస్తానమ్మా. తేదీ మాత్రం సరింగా చూడు" అని కట్ట అక్కడే పెట్టి వెళ్ళాడు.

"లోపలికి పో" అన్నాడు దేవదాసు పళ్ళ బిగువున.

గ్రేస్ కిటికీ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "బల్ల ఈడికి తెస్తే రేపు కొడతా. తేకపోతే ఆయప్పకు నువ్వే కొట్టి ఇయ్యి."

"అందరూ చూస్తారు నిన్ను."

"చూడనీ."

వీధిలో బస్టాండు వైపు ఒక ఆటో వెళ్తోంది. అది మలుపు తిరిగేదాకా చూసి కళ్ళు మూసుకుంది. మంట తగ్గలేదు. రెప్పల వెనక నీళ్ళు ఊరుతున్నాయి.

"గ్రేసూ, ఎసరు పెట్టినావా?" లోపలి నుంచి జయమ్మ కేక.

"అమ్మ పిలుస్తాండాది" అన్నాడు దేవదాసు.

"ఇనపడింది" అంది గ్రేస్. లేవలేదు.