సప్తమో అష్టమో

ఉమాకాంతం రోజూ జగ్గయ్యపేటలో ఆఫీసు వదిలాక బస్సెక్కి నందిగామ వచ్చేవాడు. తొంభైల చివర్లో ఒక కార్తీకమాసం సాయంత్రం, స్టాండులో అందరూ దిగినా ఆయన దిగలేదు. నిద్రపోతున్నాడనుకుని కండక్టరు కృపారావు తట్టి లేపబోయాడు. ఒంట్లో వెచ్చదనం ఉంది గాని ప్రాణం లేదు.

భార్య ప్రసూనాంబ టీచరు. ఆమె ఏడవలేదు. లెమ్మంటే లేచింది, ఎవరో పెడితే తింది.

పదకొండో రోజు పురోహితుడు పంచాంగం తెరిచాడు.

"తిథి తేలాలమ్మా. ఆ రోజు సాయంత్రం ఆరింటికి సప్తమి వెళ్ళి అష్టమి వచ్చింది. మామూలుగా పొద్దు పొడిచేటప్పుడున్న తిథినే ఆ రోజుకి చెప్పుకుంటాం. చావుకి అది కుదరదు. ప్రాణం పోయిన వేళకు ఏ తిథి ఉందో, ఏటా ఆ తిథికే తద్దినం."

"ఆరింటికి నాన్న బస్సులో ఉన్నారు గదండీ. ఎలా తెలుస్తుంది?" అన్నాడు కొడుకు సూర్యతేజ.

"తెలియకపోతే అమావాస్యకు పెట్టుకోవచ్చు. శాస్త్రం ఒప్పుకుంటుంది."

ప్రసూనాంబ కర్మలన్నీ అయ్యాక స్టాండుకు వెళ్ళి కృపారావును అడిగింది.

"ఆరింటికి కొనకంచి అడ్డరోడ్డు దాటామండి. చీకటి పడింది, నేను చూళ్ళేదు. సారు పక్కన పుల్లమ్మ కూర్చుంది. పత్తి తీతకు పోయి చిల్లకల్లులో ఎక్కుద్ది, మన ఊరి మొదట్లో దిగుద్ది. ఆమెను అడగండి."

పుల్లమ్మ ఇంటి ముందు పొయ్యిలోకి పుల్లలు విరుస్తోంది. అడిగిందంతా విని చేతులు దులుపుకుంది.

"అడ్డరోడ్డు దాటాక నిద్రపోయాడమ్మా. తల నా బుజం మీదికి వాలింది. అలిసిపోయినట్టున్నాడులే అని కదిలించలా. ఊపిరి మెడకి తగల్తానే ఉంది. దిగేటప్పుడు మెల్లగా కిటికీకి ఆనించా. ఊఁ అన్నాడు."

"ఏ భుజం?"

పుల్లమ్మ ఎడమ భుజం తడిమి చూపించింది. చీర మీద తొడుక్కున్న మగచొక్కా, దానికి అక్కడక్కడా పత్తి పీచు. ప్రసూనాంబ అటే చూస్తూ నిలబడింది. ఇప్పుడైనా ఏదో ఒకటి పొంగుకొస్తుందనుకుంది. ఏమీ రాలేదు.

"మంచినీళ్ళు తాగుతారా టీచరమ్మా?"

ఇచ్చిన గ్లాసుడూ తాగి ఇంటికి వచ్చింది.

"అష్టమి," అని పురోహితుడికి కబురు చేయించింది.

"ఆమె మాట నమ్మొచ్చా అమ్మా?" అన్నాడు సూర్యతేజ.

"నమ్మా."

మరుసటి ఏడు కార్తీక బహుళాష్టమికి ఆమె బడికి సెలవు పెట్టింది. వంట తనే చేసింది. కొడుకు పిండాలు పెట్టాడు, భోక్తలు తిని వెళ్ళారు. విస్తళ్ళు తీసి, వంటిల్లు కడిగి, మిగిలిన గారెలు రెండు పళ్ళెంలో వేసుకుని గుమ్మం దగ్గర కూర్చుంది.

"ఉప్పు తక్కువైంది," అంది కొడుకుతో.

అప్పటిదాకా ఏడాదిగా ఆమె నోటికి ఏ రుచీ తెలియలేదు. రెండో గారె కూడా నెమ్మదిగా తింది.