క్లెమ్ మావయ్య మేకలో ముందు సీటు

క్లెమ్ మావయ్య మేక పరుగెత్తిందంటే దాని నీడ వెనకబడిపోయి, మర్నాడు పొద్దున ఎప్పుడో ఒగురుస్తూ ఇంటికి చేరేది. ఈ సంగతి డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న హామ్‌ట్రామిక్‌లో ఎవరినడిగినా చెబుతారు. వాళ్ళందరికీ చెప్పింది క్లెమ్ మావయ్యే మరి. మేకంటే గడ్డి తినే మేక కాదు. పాంటియాక్ జీటీవో కారు, అరవై ఏడో మోడలు, ముదురాకుపచ్చ రంగు. ఆ రోజుల్లో కుర్రకారంతా ఆ బండిని ముద్దుగా మేక అనేవారు. ఇంజను ఆపకుండా బంకులో పెట్రోలు పోయిస్తే, ఇటు పోసింది పోసినట్టు అటు తాగేసి, ట్యాంకు నిండకుండానే బంకు ఖాళీ చేసేదట.

పాపం, ఆ మేక ఇప్పుడు లేదు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పు కింద నుంచి పట్టుకుని తుప్పు తుప్పుగా తినేసింది. లోకంలో ఎక్కడైనా మేక ఉప్పు నాకుతుంది. డెట్రాయిట్‌లో ఉప్పే మేకను నాకేసింది.

మిగిలినవి ఒక ఫోటో, ఒక కథ. ఫోటో మావయ్య ఇంట్లో టీవీ పైన గోడకు వేలాడుతుంది. కథ మావయ్య నోట్లో ఉంటుంది, ఎవరు ‘ఊ’ అన్నా బయటికొస్తుంది. వుడ్‌వర్డ్ రోడ్డు మీద ఒక శనివారం రాత్రి, నోర్బ్ గాడి ఎర్ర షెవెల్ కారును మేక మట్టి కరిపించిన కథ. నోర్బ్ మావయ్య చిన్ననాటి స్నేహితుడు, రెండు వీధుల అవతలే ఉంటాడు. కథ చెప్పినప్పుడల్లా పక్కనే కూర్చుని తన ఓటమి తనే వింటాడు. ఆ కథలో రెజీనా అత్తకు కూడా ఒక వేషం ఉంది. పక్క సీట్లో భయంతో కళ్ళు మూసుకుని కూర్చున్న పెళ్ళాం వేషం. కొన్నేళ్ళకు చేతిలో జపమాల చేరింది. ఇంకొన్నేళ్ళకు కెవ్వున అరవడం మొదలైంది. కథ కూడా మనిషిలాగే వయసుతో పాటు ఒళ్ళు చేస్తుంది.

మావయ్యకు ఎనభయ్యో పుట్టినరోజు వస్తోంది. మేనకోడలు డోరీన్ ఆయనకు మేకను మళ్ళీ చేసివ్వాలనుకుంది. నిజం మేకను కాదు, దాన్ని ఇరవై నాలుగో వంతుకు కుదించిన బొమ్మ మేకను. వాళ్ళమ్మ కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తుంటే డోరీన్ పెరిగింది మావయ్య ఇంట్లోనే. ఇప్పుడు ఆమెకే యాభై దాటాయి. పళ్ళ సెట్లు చేసే ల్యాబులో పని. మావయ్య నోట్లో కింది వరస ఆమె చేసిందే, కాబట్టి ఆయన చెప్పే అబద్ధాల్లో సగం ఆమె చేతి మీదుగా పోయేవే అనుకోవచ్చు. ఇంటి దగ్గర తీరిక దొరికితే బొమ్మ కార్లు కడుతుంది. ఉన్నది ఉన్నట్టు కట్టాలని ఆమె పట్టుదల. నిజం కారుకు ఎడమవైపు గీత ఉంటే బొమ్మకూ ఎడమవైపే గీత ఉండాలి.

కానుకను దాచిపెట్టి ఆశ్చర్యపరచాలని చూసింది గాని, మావయ్య దగ్గర ఏదీ దాగదు. రెండో వారానికే వచ్చి ఆమె బల్ల పక్కన నిలబడ్డాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి నిలబడితే దీపం వెలుగు మొత్తం ఆయనకే సరిపోయింది.

“ఇదేంటే, సైలెన్సరు గొట్టం ఇంత సన్నంగా ఉంది? మన మేకది నా తొడంత ఉండేది.”

“నీ తొడను ఇరవై నాలుగో వంతు చేస్తే ఇంతే వస్తుంది మావయ్యా. జరుగు, వెలుతురు రావట్లేదు.”

“బానెట్ మీద గాలి పీల్చే బెజ్జాలు ఇంకా పెద్దవి చెయ్యి. ఒకసారి వాటిలోకి ఎగిరే పావురం పోయింది తెలుసా? వెనక గొట్టంలోంచి వేపుడై వచ్చింది.”

“ఉప్పూ కారం ఎవరు చల్లారు?”

“చెప్పానుగా, రోడ్డు నిండా ఉప్పే!” అని మావయ్య పళ్ళ సెట్టు జారేంత నవ్వాడు.

డోరీన్‌కు ఆయన లెక్కలతో పనిలేదు. లోపలి భాగం చెయ్యడానికి గోడ మీది ఫోటో పట్టుకొచ్చి భూతద్దం కింద పెట్టింది. పందెం అయిపోయిన పది నిమిషాలకు, రోడ్డు పక్క హాంబర్గర్ల కొట్టు ముందు ఎవరో తీసిన ఫోటో అది. కారు డ్రైవరు వైపు తలుపు బార్లా తెరిచి ఉంది. మావయ్య దాని కప్పు మీద చెయ్యేసి, దేశాన్ని జయించిన రాజులా నిలబడ్డాడు. వెనక నోర్బ్ తన షెవెల్ మీద కూర్చుని, ఎవరో పోయినట్టు మొహం పెట్టాడు. అర్ధ శతాబ్దంగా ఇంటికొచ్చిన ప్రతివాడూ ఈ ఫోటో చూశాడు. అందరూ మావయ్యను చూశారు. సీటును చూసినవాడు ఒక్కడూ లేడు.

డోరీన్ సీటు కుట్లు చూద్దామని భూతద్దం జరిపింది. చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. డ్రైవరు సీటు పట్టాల మీద ముందుకు, చివరికంటా జరిపి ఉంది. సీటుకీ స్టీరింగుకీ మధ్య ఒక బక్క పిల్లి కూడా పట్టదు. మరి ఈ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి ఆ సందులో ఎలా దూరాడు? మోకాళ్ళు కోసి డిక్కీలో పెట్టుకున్నాడా?

ఆ సీట్లో సరిగ్గా సరిపోయే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. రెజీనా అత్త మావయ్య మోచేతి దాకా వస్తుంది, అదీ ఎత్తు మడమల చెప్పులు వేసుకుంటేనే.

మావయ్య గుడ్లు, సాసేజీలు కొనడానికి బయటికి పోయిన వేళ చూసి డోరీన్ వాళ్ళింటికి వెళ్ళింది. అత్త వంటింట్లో పియెరోగీలు చేస్తోంది. పిండిని గుండ్రంగా కోసి, బంగాళదుంప ముద్ద పెట్టి, అంచులు నొక్కి మడుస్తోంది. డోరీన్ ఫోటో బల్ల మీద పెట్టి సీటు మీద వేలుంచింది.

అత్త చూసింది. అంచు నొక్కే చెయ్యి ఆగలేదు. “ఇన్నాళ్ళకు ఒకళ్ళకు కళ్ళున్నాయి ఈ వంశంలో,” అంది.

“అంటే నువ్వా అత్తా?”

“గట్టిగా అనకే. మీ మావయ్యకు ఆ వారం సెగ్గడ్డ లేచింది.”

“ఎక్కడ?”

“ఎక్కడ లేస్తే మనిషి కూర్చోలేడో అక్కడ. శనివారం పందేనికి రాకపోతే నోర్బ్ ఊరంతా డప్పు కొడతాడు. వస్తే కూర్చునే యోగం లేదు. కావాలంటే ఆ ఫోటోలో చూడు, అందరూ కూర్చున్నారు, ఈయనొక్కడే నిలబడ్డాడు.” అత్తకు నవ్వొచ్చి పిండి మీద తుంపర పడింది. “ఆయన టోపీ నేను పెట్టుకుని తోలా. చీకట్లో నోర్బ్‌కు టోపీ ఒక్కటే కనపడింది. ఈయన వెనక సీట్లో బోర్లా పడుకుని, గుంట వచ్చినప్పుడల్లా దేవుడి తల్లిని పిలిచాడు. జపమాల నాది కాదే, ఆయనది! నోర్బ్ వచ్చేలోపు నేను పక్క సీట్లోకి జరిగా, ఈయన దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.”

“మరి చెప్పలేదేం?”

“అప్పుడు నేను సిస్టర్ల బడిలో పంతులమ్మను. శనివారం రాత్రి పందెం తోలానని తెలిస్తే సోమవారం పొద్దున గేటు బయట ఉండేదాన్ని. సరే, తనే తోలినట్టు ఆయన చెప్పుకున్నాడు. తర్వాత చెప్పీ చెప్పీ ఆయనకే నమ్మకం కుదిరింది.”

“ఇప్పుడు సీటు ఎక్కడ అతికించను అత్తా?”

అత్త చేతుల పిండి దులుపుకుంది. “వెనక్కే అతికించు. ముప్పై ఏళ్ళు లైన్లో నిలబడి కార్లకు తలుపులు బిగించాడు, ఫ్యాక్టరీ పింఛనీ ఇచ్చింది గాని చప్పట్లు కొట్టిందా? ఆయనకున్నది ఆ కథొక్కటే. పుట్టినరోజున లాక్కోకు.”

డోరీన్ ఇంటికొచ్చి సీటు ఒక చేత్తో, జిగురు ఒక చేత్తో పట్టుకుని కూర్చుంది. వెనక్కి అతికిస్తే అత్త తోలిన బండిలో అత్త జాడే ఉండదు. అబద్ధం బొమ్మ ఆమె ఇంతవరకు చెయ్యలేదు. ముందుకు అతికిస్తే, తనను ఎత్తుకుని పెంచిన మనిషికి ఊరందరి ముందూ తల కొట్టేసినట్టవుతుంది. జిగురు మూతి ఎండిపోయింది గాని ఆమెకు మాత్రం ఎటూ తేలలేదు. ఆఖరికి పళ్ళకు కట్టే సన్నటి తీగ తెచ్చి, గుండుసూది పొడవున రెండు పట్టాలు చేసి, సీటును వాటి మీద కూర్చోబెట్టింది. ముందుకూ జరుగుతుంది, వెనక్కూ జరుగుతుంది. వెనక్కి జరిపి, తలుపు మూసింది. తేల్చలేక చేసిన పనే గాని, చూసినవాళ్ళు అదే గొప్ప పనితనమన్నారు.

చర్చి కింద హాల్లో పుట్టినరోజు. క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం వాసన వీధి మలుపు దాకా వచ్చింది. డోరీన్ గుడ్డ తీసి బొమ్మను బల్ల మధ్యలో పెట్టేసరికి మావయ్య నోట మాట రాలేదు. అలాంటిది ఆయన బతుకులో ఎన్నడూ జరగలేదు గనక ఫాదర్ కంగారుపడి కుర్చీ లాగాడు.

“మేకే,” అన్నాడు మావయ్య మెల్లగా. “నా మేకే తల్లీ.” అంతే, మరుక్షణం గొంతు లేచింది. “ఇలా రండర్రా! నోర్బ్, నువ్వూ రా, నువ్వు లేకపోతే ఓడిపోవడానికి మనిషి ఉండడు.”

“చెప్పు చెప్పు,” అన్నాడు నోర్బ్ విసుగ్గా. “ఈసారి ఎన్ని మైళ్ళు వెనకబడ్డాను?”

మావయ్య అందుకున్నాడు. సిగ్నలు పచ్చబడింది. మేక లంఘించింది. వీధి దీపాలు మొత్తం కలిసి ఒకే దీపమై కనిపించాయి. ఎనభయ్యో పుట్టినరోజు కదా, కథకు కూడా కొత్త బట్టలు కట్టాలనిపించిందేమో, ఈసారి ఇంకో మాట చేర్చాడు. “పక్కన రెజీనా చూద్దును గదా, స్పృహ తప్పి పడిపోయింది! ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో దీని చెంపలు తడుతూ—”

అత్త కేకు కోస్తున్న కత్తి ఆగింది. కళ్ళు మూసుకుందంటే ఊరుకుంది. జపమాల పట్టుకుందంటే ఊరుకుంది. అరిచిందన్నా సరే అనుకుంది. స్పృహ తప్పడమా?

కత్తి కింద పెట్టి, జనాన్ని తోసుకుని బల్ల దగ్గరికొచ్చింది. సిగలోంచి ఒక పిన్ను లాగింది. బొమ్మ తలుపు గోటితో తెరిచి, పిన్ను కొసతో డ్రైవరు సీటును టిక్కున ముందుకు తోసింది, స్టీరింగుకు తగిలేదాకా. పిన్ను మళ్ళీ సిగలో పెట్టుకుంది.

“ఇప్పుడు చెప్పు,” అంది.

నోర్బ్ వంగి చూశాడు. డోరీన్ చేతిలోని భూతద్దం లాక్కుని మళ్ళీ చూశాడు.

“ఒరేయ్ క్లెమ్, ఇందులో నీ కాళ్ళు పట్టవురా.”

“అదీ... అప్పట్లో నేను సన్నంగా...”

“పొట్టిగా కూడా ఉన్నావా?”

హాలు గొల్లుమంది. మావయ్య మొహం బీట్‌రూట్ సూపు రంగుకొచ్చింది. నోర్బ్ అత్తను చూశాడు, సీటును చూశాడు, లెక్క కుదిరి అతని మొహం కూడా అదే రంగుకు తిరిగింది. “అంటే ఇన్నాళ్ళూ నేను ఓడిపోయింది... వదినా, నీ చేతిలోనా?”

“ఔను, నేనే తోలా,” అంది అత్త.

“మరి వీడెక్కడున్నాడు?”

హాలంతా మావయ్య వైపు తిరిగింది. ఎనభై ఏళ్ళ మనిషి బడిలో దొరికిపోయిన పిల్లాడిలా అత్తను చూశాడు. సెగ్గడ్డ మాట ఆమె నాలిక చివర ఉందని ఆయనకూ తెలుసు, డోరీన్‌కూ తెలుసు. అత్త కాసేపు ఆయన్ను అలాగే ఉడకనిచ్చింది.

“వెనక సీట్లో ఉన్నాడు,” అంది. “కావాలనే. మేక బలానికి వెనక చక్రాలు నేలను పట్టవయ్యా నోర్బ్, గాల్లో తిరుగుతాయి. మా ఆయనంత బరువు వెనక పడితేగాని బండి రోడ్డు మీద నిలబడదు. ఇంజను కిటుకంతా ఆయనది. తోలింది నేను. ఆయన లేకపోతే ఆ రాత్రి నది దాటి విండ్సరు దాకా ఎగిరిపోయి కెనడాలో దిగేదాన్ని, పాస్‌పోర్టు కూడా లేదు.”

మావయ్య ఊపిరి వదిలిన చప్పుడుకు బల్ల మీద కొవ్వొత్తులు రెపరెపలాడాయి. “బరువు! అదే నేను చెబుతోంది! బరువే ముఖ్యం!”

“నువ్వు ఆగు,” అంది అత్త, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. “నోర్బ్, నువ్వు మొహం అలా పెట్టకు. నీ షెవెల్ గురించి ఈయన ఎన్నడూ సరిగ్గా చెప్పలేదు. అది బండా? నిప్పు కక్కే ఎర్ర ఎద్దు! సిగ్నలు పడగానే అది ఒక్క రంకె వేస్తే పక్క బేకరీలో పొద్దుటికి కాల్చాల్సిన రొట్టెలు అప్పుడే పొంగిపోయాయి. సగం దూరం నువ్వే ముందున్నావు.”

“ఉన్నానుగా!” అన్నాడు నోర్బ్. ఈ మాట కోసం అతను చాలా ఏళ్ళ నుంచి కాచుక్కూచున్నాడు. “ఉన్నాను వదినా, దేవుడి తోడు!”

“నీ బండి వెనక గాలికి నా టోపీ ఎగరబోయింది. పళ్ళతో పట్టుకున్నా. మూడో గేరు వేశా...”

మావయ్య ఊరుకోలేక నోటితో గేరు శబ్దం చేశాడు. అత్త వద్దనలేదు. దాంతో ధైర్యం వచ్చి ఇంజను మొత్తం అందుకున్నాడు, ఎనిమిది సిలిండర్లూ. అత్త చెయ్యి తిప్పితే మలుపు, వేలు ఎత్తితే గేరు, మావయ్య బుగ్గలు ఉబ్బిస్తే వేగం. డోరీన్ ఒక మూల నిలబడి కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వుతోంది. అబద్ధం పోయి నిజం వచ్చిందనుకుంటే, ఆ నిజం అంతకు రెండింతలు కోతలు కోసుకుంటూ వస్తోంది.

నోర్బ్ కుర్చీ అంచుకు జరిగి, ఒక చెయ్యి మోకాలి మీద బిగించి, అత్త కళ్ళలోకి చూస్తున్నాడు. రెండో చేతిలో కేకు ముక్క ఉన్న సంగతి కూడా మర్చిపోయాడు.

“నాలుగో గేరు వేశా,” అంది అత్త. “నీ తలుపూ నా తలుపూ సమానం. కాయితం దూరదు మధ్యలో. ఎదురుగా గీత కనబడుతోంది...”

“అయ్యబాబోయ్,” అన్నాడు నోర్బ్. “ఎవరు గెలిచారు వదినా?”