గులాబీ రంగు గోలీ

కిషన్‌రావుకు గోలీలంటే ఒళ్లుమంట. ఇంగ్లండులోని స్విండన్‌లో కొడుకింటికి వచ్చిన నాటి నుంచి ప్రతి పొద్దూ అదే గొడవ. "ఇన్ని గోలీలు మింగినంక ఇంక ఉప్మా ఎందుకు బిడ్డా? వీటితోనే కడుపు నిండె," అని కోడలు మనోజ్ఞను సతాయించేవాడు. ఆయన బాత్రూంలో కళ్లు తిరిగి పడబోయిన రోజున ఆమె డాక్టరు క్లినిక్‌కు ఫోన్ చేసి, వేసుకునే మందులన్నీ మళ్లీ పరిశీలించే ఫార్మసిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది.

ఫార్మసిస్టు అమ్మాయి ఒక గోలీ అవసరం లేదంది, ఇంకొకటి ఆపేయొచ్చంది. కిషన్‌రావు ముఖం వెలిగిపోయింది. ఇంకా ఏమేం తీసేస్తుందోనని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆమె రాత్రిపూట వేసుకునే గులాబీ రంగు గోలీ చూపించి, "మీ నాడి బాగా నెమ్మదిగా ఉంది. కళ్లు తిరిగేది దీనివల్లే కావచ్చు, మెల్లగా తగ్గించి ఆపేద్దాం. కొందరికి దీంతో కలలు కూడా ఎక్కువొస్తాయి. మీకు వస్తున్నాయా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"రావు. అది మాత్రం ఉండనియ్యండి," అన్నాడు కిషన్‌రావు.

మనోజ్ఞ నోరెళ్లబెట్టింది.

కారెక్కాక గానీ అసలు సంగతి బయటపడలేదు. ఆయన భార్య లక్ష్మీబాయి ఈ దేశం చూడనే లేదు. ఇద్దరికీ వీసాలు వచ్చి, సూట్‌కేసులు సర్దుతుండగానే జబ్బుచేసి పోయింది. ఆ మనిషి ఇప్పుడు కలలో ఇక్కడికే వస్తోంది. ఈ స్విండన్ వంటింట్లో నిలబడి, ఒక్కో అలమారా తెరిచి, "ఇగో, గీ ఇంట్ల చింతపండు ఏడ వెట్టిన్రు?" అని అడుగుతోంది. ఏనాడూ వంటింటి ముఖం చూడని కిషన్‌రావుకు అదెక్కడుందో తెలియదు. వెతికి చెప్పేలోపే మెలకువ వస్తుంది. కొత్త ఇంట్లో ఆమె ఒక్కతే అలా వెతుక్కుంటోందని తలుచుకుంటే పగలంతా ఆయనకు, మళ్లీ వస్తే చోటు చెప్పాలన్న ధ్యాసే ఉండేది.

"అందుకేనా మొన్న చింతపండు ఏడున్నదని నన్నడిగిన్రు?" అంది మనోజ్ఞ. ఆయన వైపు తిరిగి, "మళ్ల కండ్లు తిరిగి పడితే నేనేం చెయ్యాలె మామయ్యా?" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి ఆయన మెత్తబడ్డాడు.

"సరే, ఆపుదాం తియ్. పోతున్ననని చెప్పకుండ పక్కింటికి గూడ పోని మనిషి మీ అత్తమ్మ. గోలీ ఆపితే రాకుంట ఉంటదా?"

గోలీ తగ్గింది, తర్వాత ఆగింది. తల తిరగడం పోయింది. నిద్ర హాయిగా పడుతోంది. ఆ నిద్రలోకి లక్ష్మీబాయి మాత్రం రాలేదు. అలిగిందేమోనని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాడు. ఆ గోలీ మళ్లీ అడుగుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. గోలీ పిలిస్తేనే వచ్చే మనిషి తన లక్ష్మి కాదనిపించి ఊరుకున్నాడు. కోడలు "నిద్ర పట్టిందా?" అంటే "మస్తు పట్టింది," అని కిటికీ వైపు తిరిగేవాడు.

ఒక ఆదివారం మనోజ్ఞ పచ్చిపులుసుకు ఉల్లిగడ్డ కోస్తూ, "మామయ్యా, చింతపండు జర అందిస్తరా?" అంది. కిషన్‌రావు తడుముకోకుండా వెళ్లి, స్టవ్ పక్కన అలమారా తెరిచి, కందిపప్పు వెనకనున్న డబ్బా తీశాడు. తీసి, దాన్ని పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"ఇగో లక్ష్మీ, ఈడున్నది," అన్నాడు.